నడిమింటి చెమ్మ

సుల్తానాబాద్,
5 ఫిబ్రవరి 2024

అక్కా,

ఇచ్చోడలో చలి తగ్గిందా? బావ షుగరు ఎలా ఉంది? ఫోన్ చేస్తే నా చెవుల్లో ఈల తప్ప ఏమీ రాదని నీకు తెలుసు. ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేసినందుకు మిల్లు నా చెవులు రెండూ ఉంచేసుకుంది. మిషన్ పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట సగం అందుతుంది. బిడ్డ మధులిక వాట్సాప్ నేర్పింది గానీ ఆ చిన్న అక్షరాలు నాకు మనిషితో మాట్లాడినట్టే ఉండవు. అందుకే కాగితం పట్టాను. నువ్వూ కాగితం మీదే రాయి.

వనజ మళ్లీ పడింది. పరేషాన్ కాకు, ఈసారి ఎముక విరగలేదు. నిరుడు తుంటికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి వాకర్ పట్టుకుని నడుస్తోంది కదా, ఆ వాకర్ కాలు బండల సందులో ఇరుక్కుంది. బాపు వేయించిన బండలు ఒకటి ఎగిసి, ఒకటి దిగి ఉన్నాయి. మధులిక కరీంనగర్ నుంచి వచ్చి, "బాపూ, ఈ బండల మీద అవ్వను ఇంక నడవనియ్య" అని తేల్చి చెప్పింది. టైల్స్ అంటే తడిలో జారుతాయి. గ్రానైట్ మీద పడితే ఇంకో తుంటి పోతుంది. చివరికి వినైల్ అని ఒకటి తేలింది. సన్నటి చెక్కపలకల్లా ఉంటాయి, మూడు మిల్లీమీటర్ల మందం, కాలికి మెత్తగా ఉంటుంది. శాంపిల్ ముక్క మీద నీళ్లు పోసి నేనే కాలితో రుద్ది చూశాను, జారలేదు.

రంగు దగ్గర తల్లీ కూతుళ్లకు రెండు రోజులు పంచాయితీ నడిచింది. వనజ టేకు రంగే కావాలంది. మీ ఆదిలాబాద్ టేకు మా ఇంటికి ప్లాస్టిక్ రూపంలో వస్తోంది చూడు!

ఇందులో రెండు రకాలు. ఒకటి ఊరికే పరిచి ఒకదాన్నొకటి ఇరికించేది, ఇంకోటి కిందికి గమ్‌తో అంటించేది. పని చేసే అర్ఫాత్ కరీంనగర్ మనిషి, ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని. వాకర్ ఉన్న ఇంటికి అంటించేదే మంచిదన్నాడు. పెట్టెలు నిన్ననే ట్రాలీ ఆటోలో వచ్చాయి. దించాను. రెండు రోజులు గదిలో ఊరికే ఉంచాలట, ఇంటి వేడికీ చలికీ అలవాటు పడాలట. కొత్త కోడలు నయం, మొదటి రోజే పొయ్యి ముందు కూర్చుంటుంది.

పని నడిమింట్లో మొదలవుతుంది.

నీ తమ్ముడు
సాగర్


ఇచ్చోడ,
14 ఫిబ్రవరి 2024

తమ్ముడు సాగర్‌కు అక్క జానకి దీవెనలు.

ఉత్తరం అందింది. దీక్షిత నాకంటే ముందే విప్పి చదివింది. తొమ్మిదో తరగతికి వచ్చిన నా మనవరాలికి ఉత్తరం అంటే సినిమా అంత సంబరం. "నాయనమ్మా, తాతయ్యకు ఈమెయిల్ లేదా?" అని అడిగింది. చెవులే లేవు బిడ్డా అన్నాను. నవ్వింది. కోప్పడకు.

వనజ పడిందని చదివి ప్రాణం ఉసూరుమంది. ఆ వాకర్ కాళ్లకు కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి, అవి అరిగిపోయాయేమో చూడు. మా పక్కింటి బాలవ్వకూ అట్లాగే అయింది, బుడిపెలు మారిస్తే కుదురుకుంది. ఇక్కడ పత్తి ఏరడం అయిపోయింది. బావ షుగరు ఒకరోజు మంచి మాట వింటుంది, ఒకరోజు వినదు, ఆయనలాగే.

నీ వినైల్ సంగతి కోడలితో చెప్తే, "అంటే ప్లాస్టిక్ ఫర్షీ" అంది. మరాఠీ పిల్ల కదా, నేలకు ఏది వేసినా దానికి ఫర్షీనే. బస్సులో కాళ్ల కింద ఉంటుందే, అట్లాంటిదేనా? అంత మంచి ఇంటికి బస్సు నేలనా సాగర్? అయినా వనజ పడకుండా ఉంటే చాలు, రేపు టికెట్ కొట్టినా కొట్టించుకుంటాను.

ఒక మాట అడగనా? ఆ ఊరికే పరిచే రకం ఎందుకు వద్దన్నావు? అది కావాలంటే ఎప్పుడైనా ఎత్తొచ్చు కదా. అంటిస్తే మళ్లీ ఎత్తలేం. మిగతా గదుల్లో నీ ఇష్టం. నడిమింట్లో కూడానా? ఈ ముక్క కింద రెండు గీతలు గీశాను, చూసుకో.

బావ నిన్ను అడిగానని రాయమన్నాడు.

జానకి


సుల్తానాబాద్,
24 ఫిబ్రవరి 2024

అక్కా,

బుడిపెలు నిజంగానే అరిగాయి. మార్పించాను. బాలవ్వకు నా తరఫున దండం పెట్టు.

పని మొదలు కాకుండానే ఆగింది. గమ్ వేసేముందు నేలలో చెమ్మ ఉందో లేదో చూడాలట. అర్ఫాత్ ప్లాస్టిక్ కాగితం పీటంత ముక్కలుగా కోసి, ఇల్లంతా ఎనిమిది చోట్ల బండల మీద పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి మూడు రోజులు వదిలేశాడు. కింద చెమ్మ ఉంటే ప్లాస్టిక్‌కు లోపలివైపు చెమట పడుతుంది. ఏడు చోట్ల పొడిగా ఉంది. నడిమింట్లో ఒకచోట మాత్రం ముత్యాల్లా నీటి చుక్కలు. అర్ఫాత్ గొంతుక్కూర్చుని ఆ పెద్ద బండను వేలితో కొట్టి చూసి, "సార్, బోలుగ మోగుతుంది. దీని కింద ఏముండె?" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను.

మళ్లీ అడిగాడు. వినబడనట్టు ఊరుకున్నాను. చెవుడుకు ఈ ఒక్క సుఖం ఉంది.

పైన ఏదన్నా మందు పూసి అంటించమన్నాను. వనజతో అన్నాడట: "అమ్మా, పూయమంటే పూస్త, కాని ఏడాదిల లేస్తది. లేచిన అంచుకు మీ వాకర్ తట్టి పడితె ఆ పాపం నాది. కింద సంగతి తెల్వకుండ నేను అంటియ్య." సామాను మూలకు సర్ది వెళ్లిపోయాడు. మంచివాడే, మొండివాడు.

నడిమింట్లో కూడానా అని అడిగావు. వనజ పడకకూ వంటింటికీ మధ్య దారి అదే కదక్కా. దాన్ని వదిలేస్తే ఇంకేం చేసినట్టు? పరిచే రకం మన ఎండలకు ఉబ్బుతుంది, అంచు లేస్తుంది. అంటించింది అయితే ఒకసారి పట్టుకుంటే మళ్లీ లేవదు. నాకు కావలసిందీ అదే.

నువ్వు వచ్చినప్పుడల్లా దొడ్డిదారిన వంటింట్లోకి పోయి, అటునుంచి అటే వరండాలోకి వచ్చి కూర్చుంటావు. నడిమింట్లో నువ్వు అడుగుపెట్టి ఎన్నేళ్లయింది? అట్లాంటప్పుడు అక్కడ ఏది వేస్తే నీకేంటి అని వనజ అడిగింది. జవాబు నువ్వే రాయి.

సాగర్


ఇచ్చోడ,
3 మార్చి 2024

సాగర్,

దీవెనలు తర్వాత. పుస్తకాల భాషలో రాస్తే నా కోపం రాస్తుండగానే చల్లారిపోతుంది. అందుకే ఇవాళ నోట్లె ఎట్లుందో అట్లనే రాస్తున్న.

ఏం లేదు అన్నవా? ఆ బండ కింద ఏం లేదా?

నీకు యాది లేకుంటే నేను చెప్త, విను. ఆ బండ కింద పాతర ఉండె. రెండు నిలువుల లోతు. యాడాదికి సరిపోయే జొన్నలు బాపు అండ్ల పోసేది. యాభై ఏండ్ల కింద, మామిడికాయల దినాలల్ల, మన ధర్ అండ్ల దిగి పానం ఇడిసిండు. తొమ్మిదేండ్ల పిలగాడు. విద్యాధర్ అని వానికి పేరు ఉండె. నీకు తమ్ముడే, నాకు తమ్ముడే. గా పాతరను బాపు నాలుగు దినాలల్ల మన్ను పోయించి మూసిండు. నువ్వు ఇప్పుడు దాని మీద ప్లాస్టిక్ అంటిస్తవ్, మళ్ల లేవకుండ. నాకు కావలసిందీ అదే అని రాస్తవ్. ఎట్ల రాయబుద్ధి అయ్యింది?

బాపు మనకు చెప్పింది ఏంది? పొద్దుగాలనే బండ తీసి పెట్టాలె, లోపటి పాడుగాలి పోవాలె. పగటాల్ల కందిలి ముట్టిచ్చి తాడుకు కట్టి దించాలె. కందిలి ఎలిగితెనే మనిషి దిగాలె. ఆరితె దిగొద్దు. గంతే కదా. నేను నిన్ను అడిగిన. దించినవా అని అడిగిన. నువ్వు ఆఁ, దించిన అన్నవ్. ఆ ఒక్క మాట పట్టుకొని నేను ధర్‌ను దిగుమన్న. నువ్వు దించలే సాగర్. అంత అయిపోయినంక నేను చూసిన, కందిలి ఆ తాడుతోని గూట్లె ఎట్లున్నది అట్లనే ఉండె. చిమ్నీ మీద దుమ్ము సుత పోలే.

బాపు, పిలగాన్ని ఎవలు దింపిండ్రు అన్నడు. నేనే అన్న. నీ పేరు తియ్యలే. పదమూడేండ్ల పోరనివి, బాపు చేతిల ఏమైపోతవో అని. బాపు నన్ను కొట్టలే. ఆ దినం నుంచి నా దిక్కు సూడలే. పదో తరగతి పరీక్ష రాయనియ్యలే, మాఘంల లగ్గం చేసి ఇచ్చోడకు పంపిండు. నడిమింట్ల నేను కాలు ఎందుకు పెట్టనని వనజ అడిగింది కదా. చెప్పు.

నీ ఇల్లు, నీ ఇష్టం. అంటించుకో. పెట్టెలు దించిన అని రాసినవ్, ఆ మాట చూసి నాకు అన్నం పోలే.

జానకి


సుల్తానాబాద్,
17 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. నాలుగుసార్లు రాసి చింపేసిన. నేను కూడ నోటి మాటల్లోనే రాస్త, ఇంకో భాషల నాకు ఇది రాదు.

నేను కందిలి దించిన అని ఎన్నడూ అనలే. ఎన్నడూ. నువ్వు నన్ను అడుగనే లేదు. అడుగని మాటకు నేనెట్ల జవాబు చెప్త?

కందిలి పని నీది. నడిమింటి గూట్లె ఉండేది. ముట్టిచ్చేది నువ్వు, దించేది నువ్వు. ఆ దినం మన అవ్వకు జరం, మంచంల ఉంది. బాపు కోర్టు పని మీద పెద్దపల్లి పోయిండు. ఇల్లంత నీ చేతిల ఉండె. పదిహేనేండ్ల పిల్లవు, పని ఎక్కువై కందిలి సంగతి మర్చిపోయినవు అనుకున్న. యాభై ఏండ్ల నుంచి గదే అనుకుంటున్న. అనుకోని నిన్ను ఒక్క మాట అడిగిన్నా? ఎవలకన్న చెప్పిన్నా? నీ పేరు నేను సుత తియ్యలే. నువ్వు దొడ్డిదారిన వస్తుంటె, పాపం అక్కకు యాదికొస్తది అనుకొని నేనే మొఖం తిప్పుకునేటోన్ని. అర్ఫాత్‌కు ఏం లేదు అన్నది సుత గందుకే. బయటి మనిషి ముంగట నీ తప్పు తవ్వుడు ఎందుకు అని.

నా తప్పు ఒకటుంది. అది రాస్త. బాపు నాకు కోడికూతకే బండ తియ్యుమని చెప్పి పోయిండు. నేను నిద్రపోయిన. ఎండ దూలాల మీదికి వచ్చినంక తీసిన. లోపటి గాలి పోవాలంటె ఆ పూట చాలదు. ఇది ఎవలకు చెప్పలే, వనజకు సుత చెప్పలే.

కాని చెయ్యని అబద్ధం నా మీద పెట్టకు. నేను ఎక్కడ ఉండంగ అడిగినవ్? ఎప్పుడు అడిగినవ్? ఒట్టేసి రాయి.

సాగర్


ఇచ్చోడ,
25 మార్చి 2024

సాగర్,

ఒట్టేసే రాస్తున్న. దీక్షిత తలమీద చెయ్యి పెట్టి రాస్తున్న, పిల్ల ఎందుకో ఏమో అని నా దిక్కే చూస్తుంది.

నేను పొయ్యికాడ ఉన్న, బండ తీసినోనివి కందిలి సుత నువ్వే దించుతవనుకున్న. జొన్నలు విసురుడానికి కమలవ్వ వచ్చి ఇసుర్రాయి ముంగట కూసున్నది, ఎంతసేపు బిడ్డా అని సతాయిస్తుంది. పాతరల దిగేది ఎప్పుడైన మన జీతగాడు హనుమండ్లే కదా. మామిడితోట నుంచి బండి తోలుకొని అప్పుడే వచ్చిండు, ఎడ్లు నీళ్లకు ఆగుత లేవని వాటిని ఇడిసి బాయికాడికి కొట్టుకపోయిండు. ధర్ నా కొంగు పట్టుకొని, "అక్కా నేను దిగుత, నేను దిగుత, హనుమండ్లు నన్ను భుజం మీద కూసోబెట్టుకొని దింపిండు గదా, నాకు ఎరికే" అని ఒకటే నస. నువ్వు వాకిట్ల ఉన్నవ్, బండికాడ. నాకు కిటికీల నుంచి నీ ఈపు కనబడుతుంది. నేను గట్టిగ ఒర్రిన:

"సాగరూ, దించినవా?"

నువ్వు ఇటు మర్రి చూడలే. అట్లనే ఒర్రినవ్:

"ఆఁ, దించిన!"

అప్పుడు నీ చెవులు మంచిగనే ఉండె. నేను ధర్‌తోని, "అన్న దించిండట, పో. తాడు గట్టిగ పట్టుకో" అన్న. గిదే నేను వానితోని మాట్లాడిన ఆఖరి మాట. కమలవ్వ సుత విన్నది. ఆమె పోయి ఇరవై ఏండ్లాయె, సాక్షి ఎవలు లేరు. నన్ను నమ్మితె నమ్ము.

బండ ఆలస్యంగ తీసిన అని రాసినవ్. పదమూడేండ్ల పిల్లలు నిద్రపోతరు. దానికి నిన్ను అననే అనను. కాని కందిలి గూట్లె ఉండంగ దించిన అని ఎందుకన్నవో గది చెప్పు. యాభై ఏండ్ల నుంచి నేను అడగాలనుకున్నది గీ ఒక్కటే.

జానకి


సుల్తానాబాద్,
4 ఏప్రిల్ 2024

అక్కా,

గంపలు.

బండి మీద మామిడికాయల గంపలు ఉండె. పదకొండు గంపలు. హనుమండ్లు ఎడ్లను కొట్టుకపోతూ, "చిన్నదొరా, జర గంపలు దించుండ్రి" అన్నడు. నేను ఒక్కన్నే దించుతున్న. ఆఖరి గంప దించి నడుము పట్టుకొని నిలబడ్డ. అప్పుడు లోపటి నుంచి నీ గొంతు వచ్చింది. గంపలు దించినవా అని అడుగుతున్నవనుకున్న. దించిన అన్న. నిజమే కదా, దించిన.

నీ ఉత్తరం చదివినంక పోయి వాకిట్ల గా జాగల నిలబడ్డ. ఇప్పుడు అక్కడ స్కూటర్ పెడుతున్నం. అక్కడినుంచి వంటింటి కిటికీ కనబడుతుంది. నువ్వు కందిలి అనలే, నేను గంపలు అనలే. ఇద్దరం అబద్ధమాడలే అక్కా. ఒక్క మాట ఇటొకటి అటొకటి అనుకొని వాన్ని దింపినం.

వనజ వచ్చి నా పక్కన నిలబడి ఏమైంది అన్నది. నీ ఉత్తరం చేతికిచ్చిన.

పోయిన ఉత్తరంల నేను ఒక అబద్ధం రాసిన. నీ పేరు తియ్యలే అన్న. తీసిన. బాపు పోయేముందు, ఆ మూడు దినాలు, నేను పక్కన కూసున్న. బాపు ఉన్నట్టుండి, "గా దినం కందిలి ఎవలు దించాలెరా?" అన్నడు. నేను, అక్క బాపూ, మర్చిపోయినట్టుంది అన్న. బాపు కండ్లు మూసుకున్నడు. మర్నాడు నువ్వు ఇచ్చోడ నుంచి వచ్చి మంచం పక్కన నిలబడితె బాపు గోడ దిక్కు తిరిగిండు. నొప్పికి తిరిగిండని అందరికి చెప్పిన. నొప్పికి కాదు. నా మాటకు తిరిగిండు. నాకు తెలుసు. తెలిసీ నీకు చెప్పలే.

నన్ను ఏమన్న అను. అనకుంట ఉండకు.

అర్ఫాత్‌ను పిలిపించి కింద ఏముండెనో అంత చెప్పిన. బాపు పోసింది నల్లమన్ను, అది వానకు కుంగి లోపట బోలు అయ్యిందట, చెమ్మ అందుకే లేస్తుందట. బండ లేపి, మెత్తటి మన్ను తీసి, రాళ్లు కొట్టి కాంక్రీటు పోసి నెల ఆరబెట్టాలె అన్నడు. తరువాత చిన్నగ, "సార్, మీ అక్కను అడిగి చెప్పుండ్రి. ఆమె అద్దంటె నేను చెయ్య" అన్నడు.

అడుగుతున్న. ఏం చేద్దాం?

సాగర్


ఇచ్చోడ,
14 ఏప్రిల్ 2024

సాగర్,

పండుగ దినమే వచ్చింది నీ ఉత్తరం. పచ్చడి కలుపుతున్న చేత్తోనే పట్టుకున్న, కాగితం మీద మరక ఇంకా ఉంది.

గంపలు అన్న కాడ ఆగిన. దీక్షిత, ఎందుకు ఏడుస్తున్నవు నాయనమ్మా అని అడిగింది. గంపల కోసం బిడ్డా అన్న. దానికి ఏం అర్థమైతది.

నీ మీద కోపం పట్టుకొని యాభై ఏండ్లు బతికిన. నీ పెండ్లికి వచ్చిన కోపంతోనే వచ్చిన. మధులిక పుడితె చూడ వచ్చిన కోపంతోనే వచ్చిన. పిల్లను ఎత్తుకొని సుత, నీ అయ్య అబద్ధాలకోరు అని మనసుల అనుకున్న. ఇప్పుడు ఆ కోపం తీసి ఎక్కడ పెట్టాలెనో నాకు తెలుస్తలేదు. చెయ్యి ఖాళీగ ఉన్నట్టుంది.

బాపు సంగతి మాత్రం వేరే. ఆ పేజీ చదివి రెండు దినాలు పండుకొని లేవలే. బాపు గోడ దిక్కు తిరిగినంక నేను మంచం కాడ నిలబడి, బాపూ నీళ్లు తాగుతవా అని మూడుసార్లు అడిగిన. నీకు యాది ఉందా? నువ్వు అక్కడనే ఉన్నవ్. ఒక్క మాట చెప్తె అయిపోయేది. నువ్వు నమ్మిందే చెప్పినవ్, ఎరుక. అయినా నొప్పి పెడుతుంది తమ్ముడా. నొప్పి పెట్టలే అని రాస్తె అది అబద్ధమైతది, మన ఇంట్ల అబద్ధాలు చాలు. బాపుకు ఇంక చెప్పరాదు. అది అట్ల మిగిలిపోయింది. నువ్వు ఒక పని చెయ్యి. బాపు ఫోటో ముంగట నిలబడి గట్టిగ చెప్పు, గొంతెత్తి చెప్పు. ఫోటోకు వినబడదు. అయినా చెప్పు. వనజ విననియ్యి.

నేల సంగతి అడిగినవ్. అర్ఫాత్‌కు నా సలాం చెప్పు, అడుగుమన్నందుకు. బండ లేపుండ్రి. మంచిగ నింపుండ్రి. అంటించుండ్రి, లేవకుంట అంటించుండ్రి. పరిచేటి రకం వేస్తె ఎప్పుడన్న ఎత్తి చూడొచ్చని నేను అనుకున్న. ఎత్తి ఏం చూస్త? అక్కడ చూసేది లేదు. వనజ వాకర్ ఇరుక్కోకుండ పడకకాడి నుంచి వంటింటికి పోవాలె. గది ముఖ్యం.

ఒక్కటే మాట. బండ లేపినంక మనిషి ఎవలన్న దిగేముంగట ఏం చెయ్యాలెనో నీకు ఎరికే. నేను అక్కడ ఉండ. కిటికీల నుంచి ఒర్రి అడుగ. అయినా నాకు జవాబు కావాలె.

నేల అయినంక వస్త. ముందటి దర్వాజ నుంచి వస్త.

అక్క


సుల్తానాబాద్,
2 జూన్ 2024

అక్కా,

ఆలస్యమైనందుకు తిట్టకు. అంతా అయ్యాకే రాయాలని ఆగాను. నోటి భాష నుంచి మళ్లీ పుస్తకం భాషలోకి వచ్చానేమిటా అనుకుంటావేమో. ఇప్పుడు చేయి కొంచెం కుదురుకుంది, అంతే.

నేల అయిపోయింది. రాళ్లూ కాంక్రీటూ పైనుంచే నింపి నెల ఆరబెట్టాక అర్ఫాత్ మళ్లీ ప్లాస్టిక్ కాగితం అతికించి చూశాడు. మూడు రోజుల తర్వాత విప్పితే పొడిగా ఉంది. అరచేయి పెట్టి చూసి, నన్నూ పెట్టి చూడమన్నాడు. తర్వాత బండల సందులన్నీ పూడ్చి, పల్చగా, తనంతట తనే సమంగా పరుచుకునే సిమెంటు ఒకటి పోసి ఇల్లంతా ఒకే మట్టానికి తెచ్చాడు. దువ్వెన పళ్లలాంటి అంచున్న తాపీతో గమ్ పరిచాడు. పరచగానే పలక వేయకూడదట. తెల్లగా ఉన్న గమ్ రంగు పోయి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి, అప్పుడే వేయాలి. "జర ఆగుండ్రి సార్, తొందరపడ్తెనే ఖరాబైతది" అని నన్ను గడప అవతలే నిలబెట్టాడు. ఆగాను. నడిమింట్లో తొందర ఏం చేస్తుందో నాకంటే ఎవరికి తెలుసు? పలకలన్నీ వేశాక బరువైన రోలర్‌తో అటూ ఇటూ దొర్లించాడు. వనజ మొన్న పడక దగ్గర్నుంచి వంటింటి దాకా వాకర్‌తో నడిచి, టీ పెట్టి, నన్ను కేకేసింది. నాకు వినబడలేదు. తనే నా దాకా నడిచి వచ్చి చెప్పింది. వాకర్ ఎక్కడా ఇరుక్కోలేదు.

బాపు ఫోటో ముందు చెప్పాను. నా గొంతు నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. వీధిలో పోయేవాళ్లు ఆగారని వనజ తర్వాత చెప్పింది. అక్క కందిలి సంగతి అడిగింది బాపూ, మర్చిపోలేదు, తప్పుగా విన్నది నేనే, నీకు తప్పుగా చెప్పింది నేనే అన్నాను. అంతకంటే మాటలు దొరకలేదు.

నువ్వు జవాబు అడిగావు. అది చివరికి ఉంచాను.

ఏప్రిల్ ఇరవైన నలుగురు కలిసి, బాపు సున్నంతో అతికించిన బండను గడ్డపారలతో లేపారు. బాపు పోయించిన మన్ను నిలువున్నర లోతుకు కుంగి ఉంది. కింద చీకటి, పాత వాసన. నాగయ్య అని కూలి మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పార భుజాన వేసుకుని, "గింతనే గదా" అని ఒక కాలు లోపలికి పెట్టాడు. నేను వాడి రెక్క పట్టుకుని లాగాను. అందరూ నన్ను చూసి నవ్వారు, ముసలాయన భయపడ్డాడని. అర్ఫాత్ ఒక్కడే నవ్వలేదు. బాపు ఆ కందిలిని ఆనాడే పారేశాడు. అందుకని చిన్న స్టీలు బకెట్‌లో నూనె దీపం పెట్టి, తాడు కట్టాను. నా చేతులతోనే.

అప్పుడు వనజ వచ్చింది. నా ముఖం ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేట్టు నెమ్మదిగా అడిగింది: "ఏం దించుతున్నవ్?" నేను పేరు పెట్టి చెప్పాను.

అక్కా, నువ్వు ఒర్రి అడిగినవ్ అనుకొని చెప్తున్న, విను. దీపం దించిన. నిలువు లోతుకు పోంగనే ఆరింది. మనిషిని దిగనియ్యలే.

సాగర్